గుంటూరు సీమ తలపాగా: ఎవరు చుట్టారు, ఎవరి ముందు తీశారు

మైసూరు పేటా ఎలా ఉంటుందో మైసూరు చూడనివాళ్లు కూడా చెప్పగలరు. పుణేరీ పగడీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రాజస్థాన్ సాఫా రంగును, చుట్టిన తీరును బట్టి ప్రాంతాన్నీ సందర్భాన్నీ పోల్చుకుంటారు. గుంటూరు, విజయవాడ ప్రాంతపు తలపాగాకు అలాంటి పేరూ లేదు, ఒకే ఆకారమూ లేదు. అందుకే ఇక్కడ తలపాగా సంప్రదాయమే లేదని, ఉన్నదల్లా ఎండకు చుట్టుకునే తువ్వాలేనని చాలామంది అనుకుంటారు. ఆ అభిప్రాయం తప్పు. కృష్ణకు రెండు ఒడ్డులా రెండు వేల ఏళ్ల నాటి నుంచీ తలకు బట్ట చుట్టిన ఆనవాళ్లు ఉన్నాయి. కాకపోతే ఇక్కడ దాని అర్థాన్ని ఆకారంలో వెతికితే దొరకదు. ఆ బట్టను ఎవరు చుట్టారు, ఎవరి ముందు ఉంచుకోవచ్చు, ఎవరి ముందు తీసేయాలి అనే కట్టుబాట్లలో వెతకాలి.

ఈ ప్రాంతంలో తలకు చుట్టేది ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి తలగుడ్డ. తువ్వాలునో కండువానో నెత్తిమీద పరిచి, కొసలు మెలిపెట్టి, ఒకటి రెండు చుట్లు తిప్పి, చివరను చెవి పైనో వెనక వైపో దోపుతారు. అర నిమిషం పట్టదు, అద్దం అక్కర్లేదు. రెండోది తలపాగా. దీనికి నాలుగైదు గజాల పల్చటి బట్ట కావాలి, ఒక్కోసారి ఇంకా పొడవైనది కావాలి. బట్టను పొడవునా మడతపెట్టి పట్టీలా చేసుకుని, నుదుటి మీదుగా ఏటవాలుగా చుట్టు మీద చుట్టు వేసి, చివరి కుచ్చును వీపు మీదికి వదులుతారు, లేదా పైకి దోపుతారు. జరీ అంచు ఉన్న బట్టయితే ప్రతి చుట్టులోనూ ఆ అంచు బయటికి కనపడాలి. అది నేర్పున్నవాళ్లు చేసే పని. తలగుడ్డను ఎవరిది వాళ్లే చుట్టుకుంటారు. తలపాగాను మాత్రం ముఖ్యమైన సందర్భాల్లో ఇంకొకరు చుడతారు. ఈ తేడాను పట్టుకుంటే తక్కిన కట్టుబాట్లన్నీ అర్థమవుతాయి.

అమరావతి స్తూపపు పలకలు క్రీ.పూ. 2వ శతాబ్దం నుంచి క్రీ.శ. 3వ శతాబ్దం దాకా దశలు దశలుగా చెక్కినవి. వాటిలో మగవాళ్ల వేషం ఇక్కడి వాతావరణానికి ఎంతగా సరిపోయిందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. నడుముకు పల్చటి పంచె, మెడలో హారాలు, ఛాతీ మీద బట్ట ఉండదు. తల మీద మాత్రం బరువైన చుట్లు, నుదుటి పైన పెద్ద ముడి. రాజులు, రాజ పరివారం, స్తూపానికి మొక్కుతున్న ధనిక గృహస్థులు చాలావరకు ఈ తలకట్టుతోనే కనిపిస్తారు. పక్కనే ఉన్న భిక్షువుల తలలు బోడివి. ఆ శిల్పాల్లో ఎవరు సంసారి, ఎవరు సన్యాసి అన్నది ముఖం చూడకుండానే తెలిసిపోతుంది.

బౌద్ధ కథలో కూడా ఈ తలపాగాకు పెద్ద చోటే ఉంది. సిద్ధార్థుడు ఇల్లు విడిచి వెళ్లాక కత్తితో జుట్టు కోసేసి, తలపాగాతో సహా దాన్ని వదిలేస్తాడు. దేవతలు ఆ తలపాగాను స్వర్గానికి తీసుకెళ్లి పూజిస్తారు. ఈ ఘట్టాన్ని అమరావతిలోనూ చెక్కారు, నాగార్జునకొండలోనూ చెక్కారు. పళ్లెంలో తలపాగా, దాన్ని ఎత్తుకుని ఆనందంతో ఆడుతున్న దేవతలు. రాజ్యాన్ని వదిలాడని రాతిలో చెప్పడానికి శిల్పులకు కిరీటం అవసరం రాలేదు. తలపాగా తీసేశాడని చూపిస్తే అప్పటి ధాన్యకటక (నేటి అమరావతి) జనానికి విషయం తెలిసింది. తలపాగా అంటే హోదా అనీ, దాన్ని తీయడమంటే ఆ హోదాను వదులుకోవడమనీ చూసేవాళ్లకు ముందే తెలిసి ఉండాలి, లేకపోతే ఆ శిల్పానికి అర్థమే లేదు. కల్నల్ కాలిన్ మెకంజీ 1797లో తొలిసారి అమరావతి స్తూపపు దిబ్బను చూసిన తర్వాత అక్కడి పలకలు చాలావరకు మద్రాసుకూ, అక్కణ్ణించి లండన్‌కూ చేరాయి. తెలుగువాళ్లు ఆ పలకల్లో చాలావాటి మీద తమ పాత తలకట్టు చూసుకోవాలంటే చెన్నై ఎగ్మోర్ మ్యూజియానికో, బ్రిటిష్ మ్యూజియానికో వెళ్లాల్సి రావడం బాధ కలిగించే విషయమే.

తర్వాతి వెయ్యేళ్లను త్వరగా దాటవచ్చు. కొండవీటికి వచ్చేసరికి మళ్లీ ఆగాలి. గుంటూరుకు దగ్గర్లోని ఆ కొండకోట రెడ్డి రాజుల రాజధాని, పెదకోమటి వేమారెడ్డి ఆస్థానంలో శ్రీనాథుడు విద్యాధికారి. కాలం మారి ఆ కవి కన్నడ రాజ్యమైన విజయనగరానికి వెళ్లినప్పుడు చెప్పాడంటూ ప్రచారంలో ఉన్న చాటుపద్యంలో మొదటి ఫిర్యాదే బట్టల గురించి. కుళ్లాయి పెట్టాను, కోక (అంటే బట్ట) చుట్టాను, పెద్ద అంగీ తొడిగాను, అయినా దయ రాలేదా అని మొరపెట్టుకుంటాడు. తిండి గురించిన బాధ ఆ తర్వాతే. కొత్త రాజు కొలువులోకి అడుగు పెట్టాలంటే ముందు తల మీదిది మారాలి అన్న సంగతి ఆ పద్యంలో స్పష్టంగా ఉంది.

కుళ్లాయి అంటే విజయనగర కొలువులో పెట్టుకున్న పొడవాటి టోపీ. పారశీక, తురుష్క రాజ్యాల వాడుక నుంచి దక్షిణాదికి వచ్చింది. 1515లో గజపతుల నుంచి కొండవీటిని గెలిచిన కృష్ణదేవరాయల విగ్రహం తిరుమల గుడిలో ఉంది. ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడ్డాడు. దేవుడి ముందు కాబట్టి ఛాతీ మీద బట్ట లేదు. తల మీద కుళ్లాయి మాత్రం అలాగే ఉంది. భక్తుడిగా పైబట్ట తీశాడు, రాజుగా తలమీదిది ఉంచుకున్నాడు. సామాన్యుడికి ఈ వెసులుబాటు ఉండదు.

గుడికి సంబంధించిన కట్టుబాటు ఉత్తరాదికీ మనకూ పూర్తిగా వేరు. అక్కడ చాలా చోట్ల తల కప్పుకోవడమే మర్యాద. తెలుగు గుడిలో మగవాడు తలగుడ్డతో గర్భగుడి ముందుకు వెళ్లడు. తల మీది తువ్వాలు తీసి నడుముకు కట్టుకుంటాడు. అదే తువ్వాలు, ఒక మూర కిందికి దిగితే వినయం. కానీ ఒక సందర్భంలో ఇది తలకిందులవుతుంది. దసరా నవరాత్రుల్లో మూలా నక్షత్రం రోజున విజయవాడ ఇంద్రకీలాద్రి మీద ప్రభుత్వం తరఫున కనకదుర్గమ్మకు పట్టువస్త్రాలు సమర్పిస్తారు. ఆ రోజు ముఖ్యమంత్రి తలకు అర్చకులు పరివట్టం చుడతారు, వస్త్రాల పళ్లెం ఆ తల మీద పెడతారు. అమ్మవారి చీర మోసే తల ఖాళీగా ఉండకూడదు. అక్కడ కూడా చుట్టేది అర్చకుడు, చుట్టించుకునేది పాలకుడు. తనంతట తాను చుట్టుకుని వస్తే అది పరివట్టం అవదు. కృష్ణదేవరాయల కుళ్లాయి లాగే ఇదీ పదవికి చెందినది, మనిషికి చెందినది కాదు. పార్టీలు మారినా, మనుషులు మారినా ఆ చుట్టడం ఏటా జరుగుతుంది.

ఇంగ్లీషువాళ్లు ఈ పదవి తలపాగాను బాగా అర్థం చేసుకున్నారు, బాగా వాడుకున్నారు కూడా. వాళ్ల దృష్టిలో గౌరవమంటే టోపీ తీయడం. భారతీయుడికి గౌరవమంటే చెప్పులు విడవడం, తలపాగా ఉంచుకోవడం అని వాళ్లు రాసిపెట్టుకున్నారు. దాంతో కచేరీల్లో, కోర్టుల్లో నేటివు ఉద్యోగి బోడితలతో నిలబడితే తప్పయింది. పంచె, పొడుగు కోటు, మెడలో కండువా, తెల్లటి తలపాగా కలిసి ప్లీడర్ల, హెడ్మాస్టర్ల, తహసీల్దార్ల వేషంగా స్థిరపడ్డాయి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదట బెజవాడలోనే మొదలైంది, వాల్తేరుకు తర్వాత వెళ్లింది. దాని తొలి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి ఫొటోల్లోనూ, 1931లో ఆ పదవికి వచ్చిన సర్వేపల్లి రాధాకృష్ణన్ ఫొటోల్లోనూ ఆ తెల్లటి తలపాగాయే ఉంటుంది. చదువుకున్న తెలుగువాడి మర్యాద ఆ తరానికి అలా కనిపించింది.

అదే సమయంలో ఇంకొకటి కూడా జరిగింది. బిళ్లబంట్రోతుకు, డఫేదారుకు, క్లబ్బులో బేరర్‌కు కూడా తలపాగా పెట్టారు, రంగు పట్టీలు తగిలించారు. ఒకప్పుడు కొలువులో కూర్చున్నవాడి తలమీదిది తలుపు దగ్గర నిలబడ్డవాడి యూనిఫాం అయింది. ఇది అనుకోకుండా జరిగిందని చెప్పడం కష్టం. పాత పాలకుల గుర్తును కొత్త పాలకులు నౌకర్ల తల మీద పెడితే, ఇక ఆ గుర్తును ఎవరూ అధికారంగా చూడరు. ఇవాళ్టికీ పెద్ద హోటళ్ల గుమ్మం దగ్గర తలుపు తీసే మనిషికి పెద్ద తలపాగా, గుబురు మీసం ఉంటాయి. ఆ వేషం వెనక ఇంత చరిత్ర ఉంది.

జాతీయోద్యమం వచ్చాక తలపాగాకు మొదటిసారి గట్టి పోటీ ఎదురైంది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలో సమావేశమైంది. కోటి రూపాయల తిలక్ స్వరాజ్య నిధి, కోటి మంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు అన్న లక్ష్యాలు అక్కడ పెట్టుకున్నారు. గాంధీ అప్పటికే తన సొంత ప్రాంతపు కాఠియావాడు తలపాగాను వదిలేశాడు. బెజవాడ వచ్చేనాటికి ఖద్దరు టోపీ పెట్టుకుంటున్నాడు, ఆరు నెలల తర్వాత మదురైలో దాన్నీ వదిలి కొల్లాయికి వచ్చాడు. ఆయన వదిలినా ఆ టోపీ దేశానికి మిగిలింది. దాని బలం ఎక్కడుందో ఆలోచించాలి. తలపాగా చూస్తే కులం, హోదా, ఊరు తెలిసిపోతాయి. జానెడు ఖద్దరుతో కుట్టిన టోపీ చూస్తే అవేవీ తెలియవు. చవక, తేలిక, ఎవరైనా పెట్టుకోవచ్చు, చుట్టడం నేర్చుకోనక్కర్లేదు. గుంటూరు జిల్లాలో దీని మీద ప్రభుత్వానికి ఎంత టెన్షన్ పట్టుకుందంటే, 1930 ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో ఇక్కడ గాంధీ టోపీ పెట్టుకోవడం మీదే నిషేధం పెట్టారు. కొన్నాళ్ల ముందు వరకూ బోడితలను తప్పుబట్టిన ప్రభుత్వం ఇప్పుడు తల కప్పుకున్నందుకు పట్టుకుంది. ఉద్యమం గెలిచాక ప్లీడర్ల, పంతుళ్ల తలపాగా ఒక తరంలో మాయమైంది. టోపీ కూడా ఎక్కువకాలం నిలవలేదు. చదువుకున్న తెలుగువాడి తల ఖాళీ అయింది.

ఇప్పటిదాకా చెప్పింది పదవి తలపాగా గురించి. తలగుడ్డ కథ దీనికి పూర్తిగా ఎదురు దిశలో నడిచింది, చెప్పుకోవాల్సింది కూడా దాని గురించే ఎక్కువ.

కచేరీలో ప్లీడరు తలపాగా ఉంచుకోవడం మర్యాద. ఆ ప్లీడరు సొంతూళ్లోనే పాలేరు ఆసామి ముందు తలగుడ్డ ఉంచుకుంటే పొగరు. దొడ్లోకి అడుగు పెట్టగానే తలగుడ్డ తీసి చంకలో పెట్టుకోవాలి, లేదా నడుముకు కట్టుకోవాలి. పెద్ద కులాల వీధిలో నడిచేటప్పుడు భుజం మీది కండువా కూడా దిగాలి. ఎండ మండిపోతున్నా సరే, బరువు నెత్తిన ఉన్నా సరే. ఇది చట్టంలో రాసింది కాదు, ఊరంతా కాపలా కాసిన కట్టుబాటు. దళితులు, ఇతర చేతివృత్తుల వాళ్లు దీన్ని తరాల తరబడి భరించారు. తలగుడ్డ తీయలేదన్న కారణంతో తిట్లు, దెబ్బలు తిన్న జ్ఞాపకాలు కోస్తా పల్లెల్లో పెద్దవాళ్ల మాటల్లో ఇంకా ఉన్నాయి. ఎప్పుడు తీయాలో చెప్పే హక్కు ఎవరి చేతిలో ఉందో వాళ్లదే ఊరి మీద పెత్తనం. చదువు, వలసలు, కూలి పోరాటాలు, రాజ్యాంగ హక్కులు కలిసి ఈ కట్టుబాటును సడలించాయి. ఇవాళ గుంటూరు జిల్లా పల్లెలో కూలికి వచ్చిన కుర్రవాడు తలగుడ్డతోనే రైతుతో రేటు మాట్లాడతాడు. చూసేవాళ్లకు అది మామూలు విషయంలా కనిపిస్తుంది కానీ దానికి వంద ఏళ్లు పట్టింది. తలపాగా గొప్పతనం గురించి రాసే చాలా వ్యాసాలు ఈ భాగాన్ని వదిలేసి ఆత్మగౌరవం, ఠీవి అంటూ ముగిస్తాయి. ఎవరి ఆత్మగౌరవం అన్న ప్రశ్న అడగకుండా ఈ బట్ట గురించి రాస్తే సగమే రాసినట్టు.

పనిలో తలగుడ్డ ఏం చేస్తుందో కూడా వివరంగా చూడాలి. మేలో విజయవాడను బ్లేజ్‌వాడ అని ఊరికే అనరు. పల్నాడులో రెంటచింతల పేరు లేకుండా వేసవి వార్తలు పూర్తికావు. 45 డిగ్రీల ఎండలో నూలు గుడ్డ రెండు మూడు పొరలుగా తల మీద ఉంటే పొరల మధ్య గాలి వేడిని అడ్డుకుంటుంది. కాలవలో ముంచి పిండి చుట్టుకుంటే నీరు ఆవిరయ్యేటప్పుడు తల వేడిని లాగుతుంది. చెమట కళ్లలోకి కారకుండా నుదుటి మీది మడత పీల్చుకుంటుంది. ప్లాస్టిక్ టోపీ గానీ, పాలిస్టర్ గుడ్డ గానీ ఈ పని చేయలేవు. పొలం గట్టున అదే దిండు, అదే దుప్పటి. బరువు ఎత్తేటప్పుడు అదే చుట్టకుదురు. మధ్యాహ్నం చేతులు తుడుచుకోవడానికి, సాయంత్రం సంతలో కూరగాయలు మూట కట్టడానికి కూడా అదే.

గుంటూరు మిర్చి యార్డులో దీని విలువ ఇంకో రకంగా తెలుస్తుంది. సీజన్‌లో యార్డు గేటు దాటకముందే ఘాటు గొంతు పట్టుకుంటుంది. 40 కిలోలకు పైబడిన టిక్కీలను (మిర్చి బస్తాలను) లారీల నుంచి దించి, పేర్చి, కాటా వేసి, మళ్లీ ఎక్కించే ముఠా కూలీల తలకు, కొందరి ముక్కుకు కూడా తువ్వాలు బిగించి ఉంటుంది. మిరప పొట్టు జుట్టులో చేరితే చెమటతో కలిసి తలంతా మండుతుంది, ఇంటికి వెళ్లి పిల్లల్ని ఎత్తుకున్నా వాళ్లకు మంటే. చుట్టుకున్న గుడ్డ దాన్ని ఆపుతుంది. ఆ గుడ్డను రోజూ విడిగా ఉతకాలి.

మిరప పనిలో ఆడవాళ్లు మగవాళ్ల కంటే ఎక్కువ. కోతలకు వెళ్లేవాళ్లు, కల్లంలో కాయలు తిరగేసేవాళ్లు, తాలు ఏరేవాళ్లు, కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తీసేవాళ్లు ఎక్కువగా ఆడవాళ్లే. చీర మీద మగవాళ్ల పాత చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలో పాత చీర ముక్కో గట్టిగా చుట్టి, దాని కొసతోనే ముక్కూ నోరూ కప్పుకుంటారు. చుట్టే పద్ధతి మగవాళ్ల తలగుడ్డ కంటే పకడ్బందీగా ఉంటుంది, ఎందుకంటే జడ మొత్తం లోపల ఇమడాలి. గుంటూరు జిల్లాలో ఇవాళ పని కోసం తలకు బట్ట చుట్టే మనుషుల్ని లెక్క తీస్తే ఆడవాళ్లను పక్కన పెట్టడం కుదరదు. కానీ తలపాగా అనగానే మీసాలున్న రైతు బొమ్మే గీస్తారు. ప్రభుత్వ ప్రకటనల్లో, గోడల మీద, పిల్లల పాఠాల బొమ్మల్లో అంతా అదే. ఆ స్త్రీల తలకట్టుకు సంప్రదాయం అన్న గౌరవం ఎవరూ ఇవ్వలేదు. నిజానికి పని అవసరం కోసం కొత్తగా రూపం తీసుకుంటూ ఇప్పటికీ బతికున్న తలకట్టు అదే.

ఇంట్లో జరిగే కార్యాల్లో మళ్లీ చుట్టించుకునే తలపాగా వస్తుంది. పెళ్లికొడుకు తలపాగా అందరికీ తెలిసిందే. అంతకన్నా బరువైనది చావింట్లో కనిపిస్తుంది. ఈ ప్రాంతంలో కొన్ని కుటుంబాల్లో పెద్దకర్మ రోజున, చనిపోయినవాడి కొడుకు తలకు అత్తింటివాళ్లు తెచ్చిన కొత్త బట్ట చుడతారు. ఇక ఇంటి బాధ్యత ఇతనిది అని బంధువుల ముందు చెప్పడమే దాని ఉద్దేశం. చుట్టేది వియ్యాలవారి వైపు మనిషి కావడం గమనించాలి. సొంత తమ్ముడు చుడితే అది ఇంటి లోపలి విషయం. బయటి కుటుంబం చుడితే ఒప్పందానికి సాక్షులు ఏర్పడతారు. తండ్రి పోయి పది పన్నెండు రోజులైన మనిషి, నిద్ర లేని కళ్లతో కూర్చుని ఆ బట్ట చుట్టించుకుంటున్నప్పుడు అక్కడ ఉన్నవాళ్లలో చాలామంది ఏడుస్తారు. ఇది ఏడిపించడానికి పెట్టిన తంతు కాదు, కానీ ఆ బరువు అందరికీ అందుతుంది.

కథ చెప్పేవాళ్ల తలపాగా ఇంకో దారి. బుర్రకథలో ప్రధాన కథకుడికి తలపాగా, అంగరఖా, నడుముకు కట్టు, కాళ్లకు గజ్జెలు, భుజాన తంబురా, చేతిలో అందెలు ఉంటాయి. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ ఈ వేషాన్ని రాష్ట్రమంతా తిప్పాడు. ప్రజానాట్యమండలితో కలిసి పనిచేశాడు, పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం లాంటి పాత వీరగాథలతో పాటు బెంగాల్ కరువు మీద కూడా కథ చెప్పాడు. 1986లో పద్మశ్రీ అందుకున్నాడు. పేద ముస్లిం కుటుంబంలో పుట్టిన కళాకారుడు తలపాగా చుట్టి పల్నాటి వీరుల కథ చెబుతుంటే, ఆ పూటకు ఆయనే బ్రహ్మనాయుడు, ఆయనే బాలచంద్రుడు. ఊరి కట్టుబాటు ప్రకారం ఎవరి ముందు తలగుడ్డ తీయాలో లెక్కలు వేసిన జనమే, కథకుడి తలపాగా ముందు తెల్లవార్లూ నేల మీద కూర్చున్నారు. ఊళ్లో ఎవరూ ఇవ్వని తలపాగాను కళ ఇచ్చింది. సంక్రాంతికి ఇంటి ముందుకొచ్చే గంగిరెద్దులవాడి రంగుల తలపాగా, పాత కోటు కూడా ఇలాంటివే. ఆ కోటూ తలపాగా ఎవరో ఒకప్పుడు వాడి ఇచ్చినవి కావచ్చు, కానీ సన్నాయి ఊదేటప్పుడు అవి అతనివే.

ఇంత చెప్పాక బట్ట సంగతి చెప్పకపోతే అన్యాయం. తలకు చుట్టే బట్టల్లో తెలుగు నేలకు చెందిన అపురూపమైనది చీరాల తేలియా రుమాలు. చీరాల 1970 దాకా గుంటూరు జిల్లాలో ఉండేది, తర్వాత ప్రకాశంలో చేరింది, ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. ఈ రుమాలు చదరంగా, గజానికి కాస్త పైగా ఉంటుంది. నూలును ముందు నూనెలోనూ, ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్లలోనూ రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెట్టి, మళ్లీ నానబెడతారు. నూనె, బూడిదలోని క్షారం కలిసి నూలు పోగును మెత్తబరచి, ఎరుపు రంగు లోపలికంటా పట్టేలా చేస్తాయి. ఆ తర్వాతే పోగుల్ని కట్టి రంగుల్లో ముంచి నేస్తారు. ఎరుపు, నలుపు, తెలుపు, ఈ మూడు రంగులే ప్రధానం. ఒకప్పుడు ఎరుపుకు కృష్ణా తీరపు చిరివేరు వాడేవారు. ఈ తీరంలో పండిన చిరివేరు రంగుకు డచ్చివాళ్ల కాలంలోనే గొప్ప పేరు. నిజాంపట్నంలోనూ మచిలీపట్నంలోనూ వాళ్లు 1600ల మొదట్లోనే స్థావరాలు పెట్టడానికి ఇక్కడి బట్టల వ్యాపారమే కారణం. తర్వాత రసాయన రంగు వచ్చింది.

ఆ నూనె వాసన కొన్ని ఉతుకులకు కూడా పోదు. కానీ ఆ బట్ట తలకు చల్లగా ఉంటుందని, దుమ్ము పట్టదని పేరు. జాలర్లు, పశువుల కాపర్లు, రైతులు చుట్టుకున్నారు. అరబ్బు దేశాలకు ఓడల్లో వెళ్లి అక్కడా తలలకెక్కింది. మొదట్లో గళ్లు, చదరాలు మాత్రమే ఉన్న నేతలో తర్వాత ఏనుగులు, సింహాలు, గడియారాలు, విమానాలు కూడా వచ్చాయి. 20వ శతాబ్దం మొదట్లో ఈ విద్య చీరాల నుంచి నల్లగొండ వైపు వెళ్లింది. చీరాలలో మార్కెట్ తగ్గి నేత ఆగిపోతూ ఉండగా అక్కడి పుట్టపాక నేతగాళ్లు దాన్ని నిలబెట్టారు, 2020లో భౌగోళిక గుర్తింపు కూడా తేలియా రుమాలుకు పుట్టపాక ద్వారానే వచ్చింది. వాళ్ల శ్రమకు దక్కిన ఫలితం అది, అందులో అసూయ పడాల్సింది లేదు. పుట్టిన ఊళ్లో దాన్ని ఎందుకు నిలబెట్టుకోలేకపోయామన్నది మాత్రం కోస్తావాళ్లు అడుక్కోవాల్సిన ప్రశ్నే.

ఇవాళ విజయవాడ ఫంక్షన్ హాళ్లలో తలపాగా మళ్లీ బాగా కనిపిస్తోంది. సంగీత్‌కు పెళ్లికొడుకు స్నేహితులందరికీ ఒకే రంగు సాఫాలు. చుట్టడం రానక్కర్లేదు, అట్ట మీద అతికించి కుట్టిన రెడీమేడ్‌వి అద్దెకు కూడా దొరుకుతాయి. రాజకీయ సభల్లో నాయకుడి తలకు తలపాగా చుట్టి, భుజాన నాగలి పెట్టి ఫొటో తీయడం మామూలైంది. కృష్ణా జిల్లా నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1980ల్లో కాషాయ బట్టలు, తలపాగాతో తిరిగినప్పుడు దాని ప్రభావం ఎంత ఉందో అప్పటి జనానికి తెలుసు. పెళ్లి సాఫా, సభా తలపాగా రెండూ ఇంకొకరు చుట్టే కోవకే వస్తాయి కాబట్టి పాత పద్ధతి నుంచి పూర్తిగా వేరు కావు. ఉత్తరాది సాఫా వచ్చి మన తలపాగాను తోసేసిందని బాధపడేవాళ్లున్నారు. కొండవీటి కవి తల మీద కుళ్లాయి ఎక్కిన చోట, సాఫా రావడం పెద్ద వింత కాదు. వచ్చినవాటిని ఈ నేల ఎప్పుడూ కలుపుకుంది. అసలు నష్టం బట్టలో ఉంది. ఆ సాఫాలు ఎక్కువగా పాలిస్టర్‌వి, వాటితో ఇక్కడి ఏ మగ్గానికీ సంబంధం లేదు.

తలగుడ్డ వైపు చూసినా పరిస్థితి అదే. 1985లో వచ్చిన చేనేత రిజర్వేషన్ చట్టం మొదట 22 రకాల బట్టల్ని మగ్గానికే కేటాయించింది. తర్వాత అవి 11కు తగ్గాయి. ఆ 11లో తువ్వాలు, అంగవస్త్రం ఇప్పటికీ ఉన్నాయి. అంటే ఆ చట్టంలో చెప్పిన రకం తువ్వాలును మరమగ్గం మీద నేయడం నేరం. విజయవాడ వన్‌టౌన్‌లోని వస్త్రలత బట్టల మార్కెట్‌లోనో, గుంటూరు పట్నంబజారులోనో బేరమాడి కొనే మిర్చి కూలీకి ఈ సంగతి తెలియాల్సిన అవసరం లేదు, చవకైనది కొనడమే ఆమెకు న్యాయం. తెలియాల్సింది తనిఖీ చేసేవాళ్లకు. మంగళగిరి నేతగాళ్లకు చీరల మీద, డ్రెస్ మెటీరియల్ మీద వచ్చే కూలి తువ్వాలు మీద రాదు, అందుకే వాళ్లు అటు వెళ్లారు. పెళ్లిలో పది మందికి తలపాగాలు చుట్టించే కుటుంబం మంగళగిరి నూలు బట్టను అడిగితే నేసి ఇచ్చే మగ్గాలు ఇంకా విజయవాడకు దగ్గర్లోనే ఉన్నాయి.